మొక్కు, పుట్టగొడుగు గోళీలు, నా కాళ్ళు

2011 నవంబరు మొదటివారం, ఉదయం, జగిత్యాలలో డాక్టరమ్మ గారి ముందుగది. అక్కడ ఉన్న వస్తువులు: రెండు చెక్కబల్లలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, కరెంటు లేక ఆగిపోయిన ఫ్యాను, తడిగుడ్డ చుట్టిన మంచినీళ్ళ కుండ, చెప్పులు బయట విడవమని రాసిన అట్టముక్క. ఉన్న మనుషులు: మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ముసలాయన, ఆయన కోడలు, దగ్గుతున్న పిల్లను ఎత్తుకున్న ఒక బీడీలు చుట్టే తల్లి, పేర్లు పిలిచే నర్సు, మా అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వంటాం), అక్క భర్త అయిన మా బావ, నేను. అవ్వ ఒడిలో సద్దిగిన్నె. బావ ఒడిలో ఒక సంచి, అందులో పుట్టగొడుగు గోళీల డబ్బాలు నాలుగు. నా ఒడిలో గుడ్డ చుట్టిన నా కుడిచెయ్యి.

చెప్పులు బయటే విడిచాను. విడిచానో లేదో కిందికి చూసి తెలుసుకోవలసి వచ్చింది. అదే నా జబ్బు.

ఇది 2012 జూన్‌లో రాస్తున్నాను. చెడ్డకాలం దాటింది. నా పేరు శ్రీకాంత్, వయసు ఇరవై అయిదు, చదువు ఎలక్ట్రికల్ డిప్లొమా, పని సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో మెయింటెనెన్స్. ఇల్లు ఇబ్రహీంపట్నం మండలంలో. అక్కను కోరుట్లలో ఇచ్చాం. రాయడానికి కారణాలు రెండు. జరిగినదాన్ని జరిగిన వరుసలో పెట్టుకుంటే నాకు మనసు కుదుటపడుతుంది. ఇక రెండోది, కాళ్ళకు తిమ్మిరి పట్టి, ఎవరో ఇచ్చిన గోళీలు మింగుతూ రోజులు గడిపేవాళ్ళు మా దిక్కు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

2010 జనవరి, సిరిసిల్ల

షెడ్డుకు ఎదురుగా రోడ్డు మీద రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. డిసెంబరులో తెలంగాణ ఇస్తామన్నారు, రెండు వారాలకే మాట వెనక్కి తీసుకున్నారు. మా ఈడు పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని రోజూ పేపర్లో వస్తోంది. ఏదో ఒకటి చేయకుండా ఉండలేని కాలం అది.

టెంటులో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మొక్కు మొక్కారు. ఒకరు రాష్ట్రం వచ్చేదాకా గడ్డం గీయనన్నారు. ఒకరు చెప్పులు తొడగనన్నారు. నా వంతు వచ్చినప్పుడు వేములవాడ రాజన్నను తలుచుకుని, తెలంగాణ వచ్చేదాకా మాంసం ముట్టనన్నాను. పక్కన మా షెడ్డులో పనిచేసే సంపత్ ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నోరు ఊరుకోదు.

"గదేం మొక్కన్నా. మా తాత శనివారం శనివారం చేస్తడు గా పని."

టెంటంతా నవ్వింది. నేను గుడ్డు కలిపాను. ఇంకా నవ్వుతున్నారు. పాలు, పెరుగు, నెయ్యి కూడా కలిపాను. అప్పుడు నవ్వు ఆగింది. చప్పట్లు కొట్టారు.

అప్పటినుంచి నా తిండి అన్నం, పప్పు, తొక్కు, నీళ్ళచారు. చాయ మానేశాను. షిఫ్టు పని, కారం తిండి, కడుపులో మంట. మందుల దుకాణంలో అడిగి పొద్దున్నే ఒక గ్యాసు గోళీ వేసుకునేవాణ్ణి. అది అలవాటై రోజూ వేసుకున్నాను. మొక్కు ఇంత సులువా అనిపించేది. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేదు.

2011 ఎండాకాలం నుంచి ఆగస్టు వరకు

మొదట అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉండేది. దులుపుకుంటే ఏమీ ఉండేది కాదు. తర్వాత నాలుక నున్నగా అయి మండేది. తర్వాత మతిమరుపు, స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టుకుని స్క్రూడ్రైవర్ వెతికేవాణ్ణి. ఒకరోజు షెడ్డు దాటి చాయ హోటల్ దాకా నడిచి వెళ్ళాక, అక్కడి పిల్లవాడు చెప్పాడు, ఎడమకాలికి చెప్పు లేదని. అది గేటు దగ్గరే జారిపోయింది. నాకు తెలియలేదు.

ఇంటికి పోయినప్పుడు అక్కకు చెప్పాను. అక్క బావకు చెప్పింది.

మా బావ దుబాయిలో ఎనిమిదేళ్ళు చేసి, అంతకు ముందటి ఏడు తిరిగొచ్చాడు. వచ్చాక ఒక కంపెనీ వాళ్ళ పుట్టగొడుగు గోళీలు అమ్మే పనిలో చేరాడు. మంచి మనిషి. అమ్మేదాన్ని తానే మొదట నమ్మే రకం. నా సంగతి వినగానే రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో గానోడెర్మా అనే ఎర్ర పుట్టగొడుగు పొడి, అది ఒంటికంతటికీ. రెండోది తెల్లది, సింహం జూలులాగా వేలాడే పుట్టగొడుగు, అది ప్రత్యేకంగా మెదడుకు, నరాలకు. బొమ్మ కూడా చూపించాడు. నిజంగానే జూలులాగా ఉంది. చీనావాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా తింటున్నారట.

ఇంట్లో వచ్చిన సందేహం అది పనిచేస్తుందా అని కాదు, మొక్కుకు అడ్డమా అని. మా అవ్వకు పుట్టగొడుగు మీద నమ్మకం లేదు. ఆమె అత్త శ్రావణంలో పుట్టకొక్కులు వండనిచ్చేది కాదట, నీసు వాసన వస్తుందని. నీసంటే మాకు మాంసం, చేప.

"మట్టిల పుట్టినదానికి నీసు ఎక్కడిది అత్తమ్మా," అన్నాడు బావ. "పప్పు లెక్కనే ఇది. వంద శాతం శాకాహారం. నాది జిమ్మ." పూచీ తనదేనని.

పొద్దున రెండు, సాయంత్రం రెండు మొదలుపెట్టాను. మొదటి పది పదిహేను రోజులు హుషారుగా ఉంది. నిద్ర బాగా పట్టింది. అవే రోజుల్లో నాకు రాత్రి షిఫ్టు మార్చి పగటి షిఫ్టు వేశారు. నేను ఆ హుషారును గోళీల ఖాతాలో వేశాను, షిఫ్టు ఖాతాలో వేయలేదు.

2011 సెప్టెంబరు, అక్టోబరు, కోరుట్ల

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. బొగ్గు రాక కరెంటు కోతలు. సిరిసిల్లలో షెడ్లు మూతపడ్డాయి. బావ మోటారు సైకిల్ మీద వచ్చి నన్ను కోరుట్ల తీసుకుపోయాడు. దారిలో రాస్తారోకోల దగ్గర ఆగాం. ఒకచోట మమ్మల్ని కూడా కూర్చోబెట్టి అటుకులు పెట్టారు. నేను లేవబోతే కాళ్ళు నావి కానట్టున్నాయి. చాలాసేపు కూర్చుంటే అందరికీ పట్టే తిమ్మిరే అనుకున్నాను.

అక్క ఇంట్లో ఒక పొద్దున బోరు దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. సబ్బు నురగకు కళ్ళు మూశాను. మూసిన వెంటనే పక్కకు ఒరిగిపోయి బట్టలుతికే బండ మీద పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. అక్క పరుగెత్తుకొచ్చింది.

"కండ్లు తిరిగినయా తమ్మీ?"

కళ్ళు తిరగలేదు. తల స్థిమితంగానే ఉంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ నేల కనబడుతోంది కాబట్టి నిలబడ్డాను. మూసేసరికి నేల లేదు. ఇది అక్కకు ఎలా చెప్పాలో తెలియక, కాలు జారిందన్నాను.

బావకు మాత్రం నిజం చెప్పాను. ఆయన కంగారు పడలేదు. సంతోషపడ్డాడు. కంపెనీ వాళ్ళు ముందే చెప్పారట: గోళీలు లోపల ఉన్న రోగాన్ని బయటికి లాగుతాయి, లాగేటప్పుడు రోగం ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అప్పుడు మోతాదు పెంచాలి. పెంచాడు. పొద్దున మూడు, సాయంత్రం మూడు.

నేను మీటర్లతో పనిచేసేవాణ్ణి. బాగైతే గోళీ గొప్ప, చెడితే కూడా గోళీ గొప్ప. ముల్లు ఎటు తిరిగినా సరే అని చూపించే మీటరును మేం పక్కన పారేస్తాం. ఆ పోలిక అప్పుడు నాకు తట్టలేదు. బావ మీద ప్రేమ ఉంది, డాక్టరు దగ్గరికి పోవడానికి బస్సు లేదు, పైగా ఊరంతా కష్టపడుతున్నప్పుడు కాళ్ళు తిమ్మిరని చెప్పుకోవడం చిన్నతనమనిపించింది. ఈ మూడు కారణాలూ విడివిడిగా చిన్నవి. కలిస్తే రెండు నెలలు పోయాయి.

2011 అక్టోబరు చివర, సిరిసిల్ల

సమ్మె ముగిసింది. షెడ్లు తెరిచారు.

మా దగ్గర మరమగ్గాలను సాంచాలంటారు. అవి ఆడుతుంటే షెడ్డు నేలంతా అదురుతుంది. మెయింటెనెన్స్ వాళ్ళకు ఆ అదురే సగం చదువు. రెండు వరుసల మధ్య నడుస్తుంటే, ఎక్కడో ఒకచోట అదురు తేడాగా తగులుతుంది. అక్కడ ఆగి చూస్తే ఒక బోల్టు వదులై ఉంటుంది. చెవులు పనికిరావు, అంత మోత. అరికాళ్ళతోనే వింటాం.

ఆ పొద్దున ఒక్కొక్క సాంచా మొదలైంది. మోత చెవుల నిండా నిండింది. బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. నా కాళ్ళ కింద ఏమీ లేదు. చెప్పులు విడిచి సిమెంటు మీద నిలబడ్డాను. ఏమీ లేదు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద బరువు వేశాను. ఏమీ లేదు. షెడ్డంతా ఆడుతోంది, నా కింది నేల ఒక్కటి మాత్రం ఇంకా సమ్మెలో ఉంది.

భయమంటే ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. కాళ్ళ గురించి కాదు, పని గురించి. ఈ పని నాకు కాళ్ళతో, చేతులతో వచ్చింది. అవి పోతే డిప్లొమా కాగితం ఒక్కటి మిగులుతుంది.

ఎవరికీ చెప్పకుండా పనిలో పడ్డాను. మూలనున్న మోటారు వేడెక్కుతోందన్నారు. వేడి చూడటానికి మేం అరచెయ్యి ఆనిస్తాం. చురుక్కుమంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది, ఆ వచ్చే వేగాన్ని బట్టి ఎంత వేడో చెప్తాం. నేను ఆనించాను. చెయ్యి వెనక్కి రాలేదు. పెద్ద వేడేం లేదే అనుకుంటూ ఆనించే ఉంచాను.

"అన్నా, చెయ్యి తియ్యి," అంటూ సంపత్ నా మణికట్టు పట్టి లాగాడు. "ఏమైందే నీకు? తోలు ఊడుతున్నది."

అరచెయ్యి చూసుకున్నాను. అతను చెప్పింది నిజం. నొప్పి చాలాసేపటికి గానీ రాలేదు, అదీ ఎక్కడో దూరంగా.

సంపత్ తన టిఫిను డబ్బాలో నీళ్ళు పోసి నా చెయ్యి అందులో ముంచి కూర్చోబెట్టాడు. ఆ రోజు వాడు ఒక్క ఎకసెక్కం ఆడలేదు. నా ఫోనులో బావ నంబరు వెతికి వాడే చేశాడు.

బావ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. చెయ్యి చూశాడు. గోళీలు పెంచుదామని అనలేదు. మోటారు సైకిల్ కిక్కు కొట్టి, "ఎక్కు. రేపు పొద్దుగాల జగిత్యాల పోదాం," అన్నాడు. ఆయన గురించి ముందు ముందు రాసేది చదివేటప్పుడు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

2011 నవంబరు, జగిత్యాల

డాక్టరమ్మ నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకటి తీసి, అరచేతికి కొట్టి, నా కాలి బొటనవేలు మీద ఆనించారు. అదురు ఎప్పుడు ఆగిందో చెప్పమన్నారు. మొదలు కాలేదు మేడం అన్నాను. మళ్ళీ కొట్టి చీలమండ మీద పెట్టారు. లేదు. మోకాలు మీద పెడితే ఎక్కడో ఈగ వాలినట్టు. నేను ప్రశ్న అర్థం చేసుకోలేదేమోనని ఆమె ఈసారి నుదుటి మీద పెట్టారు. తలంతా గుంయ్‌మంది. ఎంత పోగొట్టుకున్నానో అప్పుడు కొలత తెలిసింది.

నిలబడి కళ్ళు మూయమన్నారు. బోరు దగ్గరలాగే ఒరిగాను. ఈసారి బావ పట్టుకున్నాడు.

తర్వాత తిండి గురించి అడిగారు. మొక్కు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, తన తమ్ముడు కూడా సమ్మెలో టెంటు దగ్గరే ఉన్నాడన్నారు. గ్యాసు గోళీ సంగతి కూడా విన్నారు. రక్తం తీయించారు. మూడోరోజు రిపోర్టు వచ్చింది. బి12 అనే విటమిన్ ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. అది మాంసం, గుడ్డు, పాలలో ఉంటుంది, పప్పులో, తొక్కులో ఉండదు. ఉన్న కొద్దిపాటిది కూడా ఒంటికి పట్టకుండా ఆ గ్యాసు గోళీ అడ్డుపడుతూ వచ్చింది.

"నువ్వు కరెంటు పని చేస్తవు గదా," అన్నారామె. "వైరు మీద తొడుగు ఉంటది చూడు, నరం మీద కూడా అట్లనే ఉంటది. ఆ తొడుగు బాగుండాలంటే ఈ విటమిన్ కావాలె. నీకు తొడుగు ఊడుతున్నది."

"మళ్ళ వస్తదా మేడం?"

"చాలావరకు వస్తది. ఎంత ఆలస్యమైతే అంత మిగిలిపోతది. ఇప్పటిదాకా ఎంత శాశ్వతంగా పోయిందో ఆరు నెలలు సూదులు ఇచ్చినంక గానీ నేను చెప్పలేను."

బావ సంచిలోంచి డబ్బాలు తీసి బల్ల మీద వరుసగా పెట్టాడు. ఆమె ఒక్కొక్కటి తిప్పి చదివారు. తిట్టలేదు. "విషం కాదు. కానీ ఈయనకు ఏది తక్కువైందో అది దీంట్ల లేదు," అన్నారు.

నేను తర్వాత ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని చదివాను. ఆ జూలు పుట్టగొడుగు మీద ఎలుకలతోనూ, కొద్దిమంది మనుషులతోనూ ప్రయోగాలు చేశారు. నరాలకు మేలు జరగవచ్చన్న ఆశ వాటిల్లో ఉంది. ముందు ముందు అది నిజమని తేలినా నేను ఆశ్చర్యపోను. కానీ బి12 లేక ఊడుతున్న తొడుగును అది నిలబెడుతుందని నాకు ఎక్కడా కనబడలేదు. పుట్టగొడుగు మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న. నా జబ్బు ఏమిటన్నది ఇంకో ప్రశ్న. మేం రెండోది అడగకుండా మొదటిదానికి జవాబు చెప్పుకున్నాం.

అదే వారం, కోరుట్ల

సూదుల మీద ఇంట్లో పంచాయితీ అయింది. ఆ మందును పూర్వం కాలేయం నుంచి తీసేవారని బావ ఎక్కడో విన్నాడు. ఇప్పుడు సూక్ష్మజీవులతో, పెరుగు తోడుపెట్టినట్టు, పెద్ద పీపాల్లో తయారుచేస్తారని డాక్టరమ్మ చెప్పారు. అవ్వ సూదులకు ఒప్పుకుంది. పాలు, పెరుగు, గుడ్డు కూడా మొదలుపెట్టాలని డాక్టరమ్మ చెప్పిన మాటకు మాత్రం ఒప్పుకోలేదు. అవ్వకు కొడుకు కాళ్ళు కావాలి, రాజన్న మొక్కు కూడా నిలవాలి. నిజం చెప్పాలంటే నాకూ అంతే. టెంటులో చప్పట్లు కొట్టినవాళ్ళ ముఖాలు గుర్తొచ్చేవి.

ఆ సాయంత్రం నేను ఊరికే కూర్చోలేక ఒక గోళీ విప్పాను, అవి తొడుగులో పొడి నింపిన క్యాప్సూళ్ళు. పొడి కాగితం మీద దులిపి, ఖాళీ తొడుగులను వేడినీళ్ళ గ్లాసులో వేశాను. లోపలేముందో చూశాం, పైదేమిటో చూద్దామని, అంతే. అవి మెత్తబడి, సాగి, గ్లాసు అడుగున అంటుకున్నాయి. వేళ్ళతో పట్టి చూశాను, నాకేమీ తెలియలేదు. అక్కను పట్టమన్నాను.

"సరేసు లెక్కున్నదిరా," అంది అక్క. వాసన చూసి ముఖం తిప్పుకుంది. సరేసంటే వడ్లవాళ్ళు చెక్కలు అతికించే జిగురు, పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించి తీస్తారు. చాలా గోళీల తొడుగు కూడా ఆ జాతిదే. మర్నాడు డాక్టరమ్మకు ఫోను చేస్తే ఔనన్నారు.

అవ్వ అంతా వింది. తర్వాత అడిగింది:

"అంటే రోజూ రెండు పూటలు నీసు మింగినవన్నట్టు."

"ఔనే అవ్వా."

"సమ్మెల సుత మింగినవ్."

"మింగిన."

"అయినా నడుమల సమ్మె ఆగలే గద," అంది అవ్వ. "రాజన్నకు నీ పెరుగు ముచ్చట పట్టనే లేదు. లే, అన్నం తిను."

ఆ పూట పెరుగన్నం తిన్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలేసింది. మళ్ళీ పెట్టించుకున్నాను.

కానీ అవ్వ మొక్కును గాలికి వదిలే మనిషి కాదు. కొడుకు విడిచినదాన్ని తాను ఎత్తుకుంటానంది. పాలు, నీసు తాను మానేస్తుందట. ఇంకొకరి కాళ్ళు మొద్దుబారడం నేను చూడలేను. చాలాసేపు బేరమాడితే చివరికి చాయలో చక్కెర దగ్గర కుదిరింది. తెలంగాణ వచ్చేదాకా ఆమె చప్ప చాయ తాగుతుంది. మా బాపు, అంటే నాన్న, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చేస్తాడు. ఫోనులో విని, "నేను చక్కెర చేసుడు, నువ్వు బంద్ చేసుడు. మంచిగున్నది సంసారం," అన్నాడట.

బావ ఆ రోజు గ్లాసు వంక చూస్తూ కూర్చుండిపోయాడు. ఆయన శనివారాలు నిష్ఠగా ఉంటాడు. ఆ గోళీలు శనివారం కూడా వేసుకునేవాడు. "నాకు గిది ఎవ్వరు చెప్పలే," అన్నాడు.

2011 నవంబరు నుంచి 2012 ఫిబ్రవరి వరకు

సూదులు కోరుట్ల బస్టాండు వెనక యూసుఫ్ భాయ్ దగ్గర. ఆయన నలభై ఏళ్ళుగా కాంపౌండరు. మొదట రోజూ, తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి. ఉద్యమం ఆగలేదు కాబట్టి బంద్‌లూ ఆగలేదు. అలాంటి రోజుల్లో ఆయన షట్టరు మోకాలెత్తు లేపి ఉంచేవాడు. నేను వంగి లోపలికి దూరేవాణ్ణి.

"బంద్ బజార్ల ఉంటది బేటా, సూదికి ఉండది," అనేవాడు. సూది ఇచ్చాక దూది పెట్టి, నాకు తెలియకుండా నా కాలి వేలు గిల్లేవాడు. తెలిసిందా అని అడిగేవాడు. మొదట్లో ఎప్పుడు గిల్లాడో కూడా తెలిసేది కాదు.

మూడోవారంలో కాళ్ళు మండటం మొదలైంది. ఇదివరకు మొద్దుగా ఉన్నచోట నిప్పులు, షాకులు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. సూది పడటం లేదని బావ అన్నాడు. యూసుఫ్ భాయ్ మాత్రం, తిమ్మిరెక్కిన కాలు లేచేటప్పుడు కూడా గుచ్చుతుందని, ఇదీ అంతేనని అన్నాడు.

ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. ఎక్కువైతే తగ్గుతున్నట్టు అని గోళీల కంపెనీ కూడా అన్నది. అప్పుడు నమ్మి మోసపోయాను. ఇప్పుడు ఎందుకు నమ్మాలి? డాక్టరమ్మకు ఫోను చేసి ఇదే అడిగాను. ఆమె కోప్పడలేదు.

"నెలన్నర చూడు. మంట తగ్గుతూ రావాలె, కండ్లు మూసుకుని నిలబడగలగాలె. గట్ల కాకపోతే నేను రోగం తప్పుగ పట్టినట్టే, హైదరాబాద్ పంపిస్త."

తేడా అక్కడుంది. ఎప్పటికల్లా ఏమి జరగకపోతే తన మాట తప్పో ఆమె ముందే చెప్పారు. కంపెనీ మాటలో తప్పు కావడానికి చోటే లేదు. మందు అమ్మేవాళ్ళనైనా, ఇచ్చేవాళ్ళనైనా ఈ ఒక్కమాట అడగండి: ఇది పనిచేయకపోతే నాకు ఎట్లా తెలుస్తుంది? జవాబు చెప్పేవాళ్ళ దగ్గర కూర్చోండి.

మొక్కు విడిచాక అడ్డేముందని బావ మాట మీద ఇంకా వేసుకుంటున్న గోళీలు అదే రోజు ఆపేశాను. బావ నొచ్చుకున్నాడు. రెండూ వేసుకుంటే నష్టమేమిటన్నాడు. రెండూ వేసుకుంటే ఏది పనిచేసిందో తెలియదు బావా అన్నాను. మేం ఒక ప్యానెల్ బోర్డు బాగుచేసేటప్పుడు రెండు ఫ్యూజులు ఒక్కసారి మార్చం. ఆయన వారంపాటు నాతో మాట్లాడలేదు. మా మధ్య అక్క నలిగిపోయింది. ఇద్దరికీ ఒకే వేళ అన్నం పెట్టకుండా చూసుకునేది. అయినా సూదికి పోవలసిన పొద్దున మోటారు సైకిల్ వాకిట్లో తుడిచి సిద్ధంగా ఉండేది. మాట్లాడకుండానే దింపేవాడు, మాట్లాడకుండానే తెచ్చేవాడు.

నెల దాటాక మంట పలచబడింది. ఒక పొద్దున బోరు దగ్గర సబ్బు నురగతో కళ్ళు మూసుకుని నిలబడే ఉన్నాను. నిలబడ్డానని నాకే ఆలస్యంగా తెలిసింది. యూసుఫ్ భాయ్ గిల్లితే ఒకరోజు అబ్బా అన్నాను. ఆయన గిల్లిన వేలు ఎత్తి చూపిస్తూ లోపల ఉన్న రోగులందరికీ చెప్పాడు.

ఫిబ్రవరిలో సిరిసిల్ల పోయాను. షెడ్డులో చెప్పులు విడిచి రెండు వరుసల మధ్య నిలబడ్డాను. మొదట మడమల్లో, చాలా పలచగా, ఎవరో గోడ అవతల తలుపు తడుతున్నట్టు వచ్చింది. కదలకుండా నిలబడ్డాను. అది పాదం మధ్యదాకా పాకింది. సంపత్ దూరంనుంచి చూస్తున్నాడు.

"ఏందన్నా, సాంచాకు మొక్కుతున్నవా? మల్ల మొక్కకు. మొదటి మొక్కుకే సగం చచ్చినవ్."

వాణ్ణి తిట్టాను. వాడు నవ్వాడు. వాడికి చాయ ఇప్పించి, నేనూ పాలచాయ తాగాను.

2012 మే, కోరుట్ల

బావ కంపెనీ వాళ్ళు ఒక ఫంక్షన్ హాలులో సమావేశం పెట్టారు. ఆ సమావేశాలకు ఒక పద్ధతుంది. బాగైనవాళ్ళు ఒక్కొక్కరు లేచి పేరు, ఊరు, రోగం, వాడిన గోళీ, ఇప్పుడెలా ఉందో చెప్పాలి. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. నన్ను చెప్పమని బావ అడిగాడు. తన కింద గోళీలు అమ్మడానికి ఆయన చేర్పించిన మనుషులు ఉంటారు, కరీంనగర్ నుంచి పెద్దసార్లు వస్తున్నారు.

"అబద్ధం చెప్పుమంటలేను బామ్మర్దీ. గోళీలు వేసుకున్న, అను. నిజమే గద. ఇప్పుడు తక్కువైంది, అను. గదీ నిజమే గద."

రెండూ నిజమే. పక్కపక్కన పెడితే అబద్ధమవుతుందని చెప్పాను. చెప్తే మొత్తం చెప్తానన్నాను. ఆయన సరే రమ్మన్నాడు.

వాళ్ళ పద్ధతిలోనే చెప్పాను. పేరు, ఊరు, రోగం. మొక్కు, గ్యాసు గోళీ, వేసుకున్న పుట్టగొడుగు గోళీలు, అవి వేసుకుంటుండగా బోరు దగ్గర పడటం, మోటారు మీద కాలిన చెయ్యి. తర్వాత రక్తపరీక్ష, సూదులు, గోళీలు ఆపడం, ఆపాక తిరిగొచ్చిన కాళ్ళు. పుట్టగొడుగు చెడ్డదని నేననలేదు. తిమ్మిరి ఉన్నవాళ్ళు ముందు ఒక్కసారి రక్తం చూపించుకుని, ఆ తర్వాత ఏది ఇష్టమైతే అది తినమన్నాను. సూదుల మాట వచ్చినప్పుడే వేదిక మీది సారు ఒకాయన ధన్యవాదాలంటూ మైకు కోసం చెయ్యి చాపాడు.

బావ లేచి మధ్యలో నిలబడ్డాడు.

"మాట్లాడనియ్యిండ్రి సార్. మా బామ్మర్దిని నేనే తీస్కొచ్చిన."

హాలులో చప్పట్లు లేవు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. వెనకవరుసలోంచి ఒక పెద్దామె లేచింది. చేతివేళ్ళు మడవలేక చాపి పట్టుకుని ఉంది.

"ఇప్పుడు మొత్తం తక్కువైందా కొడుకా?"

చేతులు పూర్తిగా వచ్చాయని చెప్పాను. పనిలోకి పోతున్నానని, కళ్ళు మూసుకుని నిలబడగలనని చెప్పాను. ఆరు నెలల తర్వాత డాక్టరమ్మ మళ్ళీ కడ్డీ పెట్టి చూశారని, ఇప్పటికీ రానివి ఇక వస్తాయని మాటివ్వలేనన్నారని చెప్పాను. రెండు కాళ్ళ బొటనవేళ్ళూ ఇంకా మొద్దుగానే ఉన్నాయి.

కాలి వేళ్ళు పది. తిరిగొచ్చినవి ఎనిమిది.